మా పిల్లల తప్పులు లెక్కపెట్టుకుని వెళ్ళారు, ఏం తేలిందో ఎప్పుడు చెబుతారు?

బెంగళూరులో ఇంగ్లీషు బోధన మీద పరిశోధన చేస్తున్న ఆచార్యులకు, పీహెచ్‌డీ విద్యార్థులకు, టీచర్లకు శిక్షణ ఇచ్చేవారికి, పాఠ్యపుస్తకాలూ ప్రశ్నపత్రాలూ తయారుచేసేవారికి బహిరంగ లేఖ.

అయ్యా, అమ్మా,

నమస్కారం. మీ చదువు మీద, మీ శ్రమ మీద మాకు గౌరవం ఉంది. ఆ గౌరవంతోనే ఇంతకుముందు విడివిడిగా ఉత్తరాలు రాశాం. అందినట్టు సంతకాలు వచ్చాయి, జవాబులు రాలేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాం.

బొమ్మనహళ్ళి, పీణ్య, కె.ఆర్.పురం, మారతహళ్ళి వైపు బడుల్లో మేం ఇంగ్లీషు చెబుతాం. మా క్లాసుల్లో ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు చాలామంది. అమ్మానాన్నలు అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు వైపు నుంచి వచ్చి గార్మెంట్స్‌లో, బిల్డింగ్ పనుల్లో, డ్రైవర్లుగా కుదురుకున్నవాళ్ళు. ఈ పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, పుస్తకంలో ఇంగ్లీషు. ఏటా ఎవరో ఒకరు పరిశోధన కోసం మా బడులకు వస్తారు. పిల్లల చేత వ్యాసం రాయిస్తారు, మాట్లాడించి ఫోన్లో రికార్డు చేస్తారు, తప్పులు లెక్కపెట్టుకుంటారు, టీచరు చేత ప్రశ్నావళి నింపిస్తారు. ఆ తర్వాత మళ్ళీ కనిపించరు. ఆ ఫారాల్లో ఇంటి భాష అనే గడి ఉండదు. ఉన్నా అందులో ‘కన్నడ’, ‘ఇతర’ అని రెండే ఉంటాయి. మా పిల్లలంతా ఆ ‘ఇతర’లో కలిసిపోతారు.

ఇది మీడియం గొడవ కాదని ముందే చెబుతున్నాం. ప్రాథమిక తరగతుల్లో ఫలానా మాధ్యమంలోనే చదవాలని ప్రభుత్వం బలవంతపెట్టకూడదని 2014లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది, ఆ కేసు కర్ణాటక నుంచి వెళ్ళిందే. తల్లిదండ్రులు ఇంగ్లీషును కోరుకున్నారు. కోరుకున్నది పిల్లలకు అందుతోందా లేదా అన్నదే మా ప్రశ్న.

ఇంగ్లీషు బోధనకు సంబంధించి ఈ ఊరికి ఒక చరిత్ర ఉంది. 1979 నుంచి 1984 దాకా ఎన్.ఎస్.ప్రభు గారి నాయకత్వంలో ఇక్కడా మద్రాసులోనూ మామూలు బడుల్లో ఒక ప్రయోగం నడిచింది. ప్రపంచమంతా దాన్ని బెంగళూరు ప్రాజెక్టు అంటుంది. వ్యాకరణ సూత్రాలతో మొదలుపెట్టకుండా మ్యాపు చూసి దారి చెప్పడం, టైంటేబుల్ చూసి రైలు ఎంచుకోవడం లాంటి పనులు పిల్లలకు ఇచ్చి, ఆ పని చేసే క్రమంలో భాష అబ్బేలా చూశారు. ఇవాళ టాస్కుల పేరుతో విదేశాల నుంచి వచ్చే పద్ధతులకు మూలాల్లో అదొకటి. దాని మీద వచ్చిన మూల్యాంకనాల్లో ఒక విషయం మాత్రం మీ శిక్షణల్లో ఎవరూ చెప్పరు. ఆ పద్ధతిని బయటి నుంచి వచ్చిన నిపుణులు బాగానే నడిపారు, ఆ బడుల సొంత టీచర్లలో ఎక్కువమంది మాత్రం దాన్ని పూర్తిగా పట్టుకోలేకపోయారని 1990లో వచ్చిన విశ్లేషణ చెప్పింది. అంటే పద్ధతి మంచిదైనంత మాత్రాన సరిపోదు, రోజుకు ఆరు పీరియడ్లు చెప్పే టీచరు చేతిలో అది నిలబడాలి. ఈ పాఠం దశాబ్దాల కిందటే ఈ ఊళ్ళోనే తేలింది. అయినా ఇప్పటికీ మాకు ఏసీ హాల్లో రెండు రోజుల శిక్షణ, స్లైడ్లు, మధ్యాహ్నం భోజనం, చివర్లో సర్టిఫికెట్. శిక్షకుడు మా క్లాసులో అడుగు పెట్టడు.

మీ పరిశోధన మా క్లాసుదాకా రాకపోవడం వల్ల ఎక్కడెక్కడ నష్టం జరుగుతోందో కింద రాస్తున్నాం.

1. అక్షరాల దగ్గరే పిల్లలు తప్పిపోతున్నారు. మా పిల్లల్లో చాలామందికి తెలుగు చదవడం రాదు, కన్నడ గుణింతం వచ్చు. రెండు లిపుల్లోనూ హల్లులో అకారం కలిసే ఉంటుంది. అందుకే ఫోనిక్స్, అంటే అక్షరాల శబ్దాలు కలిపి చదివించే పద్ధతి, చెబుతున్నామనుకునే టీచరు కూడా ‘క, అ, ప’ అంటుంది. వాటిని కలిపితే పిల్లకు ‘కప’ వస్తుంది కానీ ‘కప్’ రాదు. పక్క సెక్షన్‌లో ‘సీ, యూ, పీ, కప్’ అని అక్షరాల పేర్లు వల్లె వేయిస్తారు. ఆ పిల్లలకు ఆ పేర్లకూ మాటకూ సంబంధమే దొరకదు. దీనికి మందు మన లిపుల్లోనే ఉంది, పొల్లు. బోర్డు మీద ‘క్, అ, ప్’ అని రాసి, పొల్లు ఎలా పలుకుతామో అలాగే పలికించి, అప్పుడు కలపమంటే పిల్లలు త్వరగా పట్టుకుంటారు. మొదటి వారాల్లో పిల్లలకు అర్థం తెలిసిన మాటలే వాడాలి. పెన్ను, కప్పు, బస్సు, బ్యాగు ఇంట్లో రోజూ అనేవే. చివరి ఉకారం తీసేస్తే అవి ఇంగ్లీషు మాటలే. ఫోనిక్స్ మేలు చేస్తుందని అమెరికాలో నేషనల్ రీడింగ్ ప్యానెల్ 2000లో తేల్చింది నిజమే. కానీ ఆ పిల్లల్లో ఎక్కువమందికి ఇంగ్లీషు మాటల అర్థం ముందే తెలుసు. మన పిల్లలకు తెలియదు. ఆ తేడాను లెక్కలోకి తీసుకోకుండా విదేశీ ఫోనిక్స్ పుస్తకాన్ని ఉన్నదున్నట్టు దింపితే, ‘టిన్’, ‘న్యాప్’ గడగడా చదివి, అదేమిటో తెలియని పిల్లలు తయారవుతారు. తయారవుతున్నారు కూడా.

2. తప్పుల జాబితాలు తయారవుతున్నాయి, తప్పు ఎందుకు వస్తోందో ఎవరూ చెప్పడం లేదు. ‘హి విల్ కమ్ డైలీ’ అని రాసిన పిల్లవాడికి కాలాలు రావని మార్కు కోస్తారు. తెలుగులో రోజూ వస్తాడు, రేపు వస్తాడు. క్రియ ఒకటే. ‘నాకు ఇద్దరు అన్నలు’ అనే వాక్యంలో ఇంగ్లీషు ‘హ్యావ్’కు సమానమైన క్రియే లేదు. ‘నిన్న వచ్చిన అబ్బాయి’లో వర్ణించే మాటలన్నీ పేరుకు ముందుంటాయి, ఇంగ్లీషులో అవి పేరు తర్వాతికి పోవాలి. ‘ఎ’, ‘ద’ లాంటివి మన భాషల్లో లేనేలేవు. వీటిలో చాలావరకు కన్నడ పిల్లలకూ వర్తిస్తాయి, అక్కడ మాకు గొడవ లేదు. కానీ తేడాలూ ఉన్నాయి. కన్నడంలో ‘అవళు బందళు’, ‘బస్సు బంతు’ అని క్రియలు వేరు. తెలుగులో అమ్మ వచ్చింది, బస్సూ వచ్చింది. తెలుగింటి పిల్లలకు ‘షీ’, ‘ఇట్’ తడబడటానికి ఇదే కారణమా, లేక తెలుగులో కర్తను చెప్పకుండా వదిలేసే అలవాటా? ఇది పీహెచ్‌డీకి సరిపడా ప్రశ్న. ఎర్రర్ అనాలిసిస్ (తప్పుల విశ్లేషణ) పేరుతో శాతాల పట్టికలు వేసేవాళ్ళు ఒక్కరైనా దీన్ని పట్టించుకోవాలి. ఒక మాట పక్కన చెప్పుకోవాలి. బెంగళూరు తెలుగు కోస్తా పుస్తకాల తెలుగు కాదు. ఇక్కడ ‘వచ్చాడు’ కంటే ‘వచ్చినాడు’ ఎక్కువ, మధ్యలో కన్నడమూ కలుస్తుంది. ఇంటి భాష అని రాసేటప్పుడు ఆ మాటనే విని రాయండి.

3. ఎప్పుడు రావాల్సింది ఎప్పుడు అడుగుతున్నారో చూడండి. ‘షి గోస్’లోని ఆ చివరి ‘స్’ నేర్చుకునేవాళ్ళకు బాగా ఆలస్యంగా వస్తుందని 1970ల నుంచి అధ్యయనాలు చెబుతూనే ఉన్నాయి. ‘గోయింగ్’లోని ‘ఇంగ్’ ముందే వస్తుంది. ఇది మీరందరూ చదివిందే. మరి నాలుగో తరగతి యూనిట్ టెస్టులో ఆ ఒక్క ‘స్’కు అన్ని మార్కులు ఎలా పెడుతున్నారు?

4. మాట్లాడించే పద్ధతులు మా గదికి సరిపోవు. శిక్షణలో ‘పెయిర్ వర్క్ చేయించండి’ అని చెప్పి వదిలేస్తారు. 45 మంది, 40 నిమిషాలు. టీచరు ఒక్కొక్కరినీ మాట్లాడిస్తే తలా ఒక నిమిషం కూడా దక్కదు కాబట్టి జంటలు తప్పవు. కానీ ఎలా? మేం వాడే ఒక పద్ధతిని వివరంగా రాస్తున్నాం, ఇలాంటివే మీ నుంచి ఆశిస్తున్నాం. మెజెస్టిక్ బస్టాండు నుంచి బయల్దేరే అయిదు బస్సుల పట్టిక ఒకటి తయారుచేయాలి. ఎ-కాగితంలో బస్సు నంబర్లు, బయల్దేరే వేళలు, టికెట్ ధరలు, బి-కాగితంలో నంబర్లు, చేరే వేళలు ఉంటాయి. ‘తొమ్మిదిన్నర లోపు చేరాలి, చేతిలో 20 రూపాయలే ఉన్నాయి, ఏ బస్సు ఎక్కాలి?’ అన్నది ప్రశ్న. ఒకరినొకరు అడగకుండా జవాబు రాదు. రెండు సగాలూ ఒకే ఏ4 షీటు మీద వేస్తే 21 జంటలకూ ఒక ముగ్గురి గుంపుకూ కలిపి 22 జిరాక్సులు చాలు. మొదటి పది నిమిషాలు వేరే పట్టికతో బోర్డు మీద క్లాసు మొత్తంతో ఇదే పని చేయించాలి. ఇది వదిలేస్తే తర్వాతి పావుగంట కుప్పకూలుతుంది. తర్వాత పదిహేను నిమిషాలు జంటలు, పది నిమిషాలు జవాబులు సరిచూడటం. మిగిలిన అయిదూ గోలకు పోతాయి, పోనివ్వండి.

చెడేది ఎక్కడంటే, ఇద్దరూ కాగితాలు చూపించేసుకుంటారు. మధ్యలో నోటుపుస్తకం నిలబెట్టాలి, లేదా వీపులు ఆనించి కూర్చోబెట్టాలి. చురుకైనవాడు ఒక్కడే రాసేస్తాడు, కాబట్టి జవాబు ఇద్దరూ విడివిడిగా రాయాలి. ఇబ్బంది వస్తే తెలుగులోకో కన్నడంలోకో దూకుతారు. లెక్క గురించి వాదించుకునేది ఏ భాషలోనైనా వాదించుకోనివ్వాలి, కాగితంలోది అడిగే ప్రశ్న, చెప్పే జవాబు మాత్రం ఇంగ్లీషులో ఉండాలి. పని బరువు సరిపోయిందో లేదో తేల్చడానికి ప్రభు గారి ప్రాజెక్టులో వాడిన కొలత ఇప్పటికీ పనికొస్తుంది. క్లాసులో ఇంచుమించు సగం మంది, పనిలో కనీసం సగమైనా సరిగా చేయగలగాలి. అంతకు తగ్గితే రేపటి పనిని తేలిక చేయాలి. ఒక్క ఇబ్బంది మాత్రం మా చేతుల్లో లేదు. ఆ 22 జిరాక్సుల డబ్బు ఏ పద్దులోనూ ఉండదు, టీచరు జేబులోంచే పోతుంది.

5. తప్పు దిద్దే తీరు. కెనడాలో ఫ్రెంచి మాధ్యమంలో చదివే ప్రాథమిక తరగతులను లిస్టర్, రాంటా అనే పరిశోధకులు పరిశీలించి 1997లో రాశారు. టీచర్లు ఎక్కువసార్లు, అంటే 55 శాతం, పిల్లల తప్పును తామే సరైన రూపంలోకి మార్చి తిరిగి అనేశారు. వాటిలో 31 శాతానికే పిల్లల నుంచి ఏదో ఒక స్పందన వచ్చింది. సరైన రూపాన్ని పిల్లల నోటే రాబట్టే ప్రశ్న వేసినప్పుడు ప్రతిసారీ స్పందన వచ్చింది. ఇది డబ్బు ఖర్చులేని మార్పు. ప్రశ్న వేశాక టీచరు ఒక్క సెకను బదులు మూడు సెకన్లు ఆగితే జవాబులు పెద్దవవుతాయని మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970లలోనే సైన్సు క్లాసుల్లో చూపించారు. అదీ ఖర్చులేనిదే. ఈ రెండు మాటలూ ఒక పోస్టుకార్డులో పడతాయి. ఇన్నేళ్ళలో ఏ శిక్షణా కేంద్రం నుంచీ ఆ పోస్టుకార్డు మాకు రాలేదు.

6. పుస్తకం పిల్లల కంటే చాలా ముందుంది. ఎవరి సాయం లేకుండా చదివి అర్థం చేసుకోవాలంటే పాఠంలో నూటికి 98 మాటలు ముందే తెలిసి ఉండాలని హూ, నేషన్‌ల అధ్యయనం 2000లో చెప్పింది. మీరే చేసి చూడండి. అయిదో తరగతి పరిసరాల పుస్తకంలో ఏదో ఒక పేజీలో వంద మాటలు లెక్కపెట్టి, తెలియనివాటి కింద గీత గీయమని పిల్లలకు చెప్పండి. మా క్లాసుల్లో పేజీ అంతా గీతలే. పిల్లలు పాఠాన్ని చదవరు, టీచరు బోర్డు మీద రాసిన జవాబును బట్టీ పడతారు. ఇంగ్లీషులో కబుర్లు చెప్పగలిగితే పాఠాలూ అర్థమవుతాయని చాలామంది తల్లిదండ్రుల నమ్మకం. మాటల ఇంగ్లీషు రెండేళ్ళలో రావచ్చని, పాఠాల ఇంగ్లీషుకు అయిదు నుంచి ఏడేళ్ళు పడుతుందని జిమ్ కమిన్స్ అనే పరిశోధకుడు కెనడా వలస పిల్లల విషయంలో చూపించారు. ఆ పిల్లల చుట్టూ రోజంతా ఇంగ్లీషే. మన పిల్లలకు బడి గంట కొట్టాక ఇంగ్లీషు వినబడదు.

7. పరీక్ష చూడనిది క్లాసులో బతకదు. వినడానికీ మాట్లాడటానికీ మార్కులు లేవు, ఉన్నచోట కూడా అందరికీ ఒకే అంకె వేసి పంపుతారు. గైడులోని ప్రశ్నలే పరీక్షలో వస్తాయి. అలాంటప్పుడు పైన చెప్పిన బస్సు పని చేయించే టీచరును హెడ్మాస్టరు ‘సిలబస్ ఎప్పుడు పూర్తిచేస్తారు?’ అని అడుగుతారు. ఆయన అడగడంలో తప్పు లేదు.

ఈ ఏడింటికీ మూల్యం చెల్లించేది మీరూ కాదు, మేమూ కాదు. గార్మెంట్స్‌లో పనిచేసే తల్లి నెల జీతంలోంచి బడి ఫీజు కట్టి, అది చాలక ట్యూషన్ ఫీజూ కడుతోంది. ట్యూషన్‌లో మళ్ళీ అవే జవాబులు బట్టీ పట్టిస్తారు. మూడో తరగతి దాటాక పిల్ల వెనకబడితే లోపం పిల్లదే అనుకుంటారు, ‘దీనికి బుర్ర లేదు’ అని ఇంట్లోనే అంటారు. మగపిల్లవాడు తొమ్మిదిలో సైన్సు అర్థంకాక మానేసి పనికి పోతాడు. టెన్త్ పాసైనవాడు మందుల షీటు మీద రాసిందీ, ఇంటి అద్దె అగ్రిమెంటులో రాసిందీ చదవలేక ఇంకొకరిని అడుగుతాడు. ఈలోగా తెలుగు చదవడం ఎవరూ నేర్పలేదు, కన్నడం సగంలో ఆగింది. కొన్ని ప్రైవేటు బడుల్లో తెలుగో కన్నడమో మాట్లాడితే జరిమానా కూడా ఉంది. దాంతో పిల్లలు ఇంగ్లీషు మాట్లాడటం మొదలుపెట్టరు, అసలు మాట్లాడటమే మానేస్తారు. ఇంటి భాషను శిక్షించమని ఏ పరిశోధన చెప్పిందో ఆ బడుల యాజమాన్యాలను మీరు బహిరంగంగా అడగండి. మేం అడిగితే ఉద్యోగం పోతుంది.

ఇక మేం అడుగుతున్నవి.

క్లాసులో సమాచారం సేకరించే ప్రతి అధ్యయనంలోనూ ఇంటి భాష, వీధి భాష, చదవగల లిపి మూడూ విడివిడిగా నమోదు చేయాలి. తల్లిదండ్రుల అనుమతి పత్రం వాళ్ళు చదవగల భాషలో ఉండాలి, చదవలేనివాళ్ళకు చదివి వినిపించాలి. ఇంగ్లీషు ఫారం మీద వేలిముద్ర వేయించుకోవడం అనుమతి కాదు.

సమాచారం తీసుకున్న విద్యా సంవత్సరం ముగిసేలోపు ఆ బడికి ఒకే ఒక్క ఏ4 కాగితం ఇవ్వాలి. ఏం చూశారు, ఏం తేలింది, రేపటి పీరియడ్‌లో ఏం మార్చాలి, అంతే. తెలుగులోనో కన్నడంలోనో ఉండాలి. థీసిస్ ఆమోదానికి ఈ కాగితాన్ని షరతు చేయండి. ఇది గైడ్లుగా ఉన్న ఆచార్యుల చేతిలో పని, ఎవరి జీవో కోసమూ ఆగక్కర్లేదు.

శిక్షణను హాల్లోంచి క్లాసులోకి మార్చాలి. శిక్షకుడు మా పిల్లలకే, మా గదిలోనే, అదే 40 నిమిషాల్లో ఒక పాఠం చెప్పి చూపించాలి. ఆరు వారాల తర్వాత తిరిగొచ్చి టీచరు చెప్పే పాఠం చూడాలి. 1950ల చివర్లో మద్రాసులో 27,000 మంది ప్రాథమిక టీచర్లకు ఒకరి నుంచి ఒకరికి శిక్షణ పాకించే ప్రయత్నం చేశారు. అలాంటి గొలుసులో కింది మెట్టుకు చేరేసరికి విషయం పలచబడుతుంది. ఇప్పుడు జరుగుతున్న మాస్టర్ ట్రైనర్ల పద్ధతిలోనూ అదే లోపం ఉంది. మందిని తగ్గించండి, రాకపోకలు పెంచండి.

మూడో తరగతి చివర ప్రతి పిల్లా తెలిసిన మాటలతో రాసిన చిన్న ఇంగ్లీషు పేరా పైకి చదివి, అందులోంచి అడిగిన మూడు ప్రశ్నలకు ఏ భాషలోనైనా జవాబు చెప్పాలి. ఒక్కో పిల్లకు మూడు నిమిషాలు. పీరియడ్‌కు ఇద్దరి చొప్పున 45 మంది 23 పీరియడ్లలో పూర్తవుతారు, పాఠమూ ఆగదు. ఎంత వేగంగా చదవాలన్న ప్రమాణం మాతృభాషకు పెట్టినదాన్ని అరువు తెచ్చుకోకుండా, మన పిల్లల మీద కొలిచి మీరు తేల్చాలి.

అయిదో తరగతి నుంచి మాట్లాడటానికి, వినడానికి నిజమైన మార్కులు కేటాయించాలి. ప్రశ్నపత్రంలో కొంత భాగం పుస్తకంలో లేని పేరా మీద ఉండాలి. ఆ ఒక్క మార్పుతో గైడు విలువ సగం పడిపోతుంది.

జిరాక్సు కాగితాలకు ప్రతి క్లాసుకూ చిన్న పద్దు పెట్టాలి. అడగడానికి మాకే సిగ్గుగా ఉంది, కానీ పైవన్నీ ఆగిపోయేది అక్కడే.

దసరా సెలవుల లోపు రాతపూర్వకంగా జవాబు కావాలి. ఏది ఒప్పుకుంటారో, ఏది ఒప్పుకోరో, ఎందుకో విడివిడిగా రాయండి. మా లెక్కలు తప్పనిపిస్తే వచ్చి క్లాసులో కూర్చోండి. ఇంగ్లీషు పీరియడ్లు చాలా బడుల్లో పొద్దున రెండోది. కుర్చీ ఉండదు, చివరి బెంచీలో చోటు మాత్రం ఉంటుంది.

ఇట్లు,
బెంగళూరులో తెలుగింటి పిల్లలకు ఇంగ్లీషు చెప్పే టీచర్లు, ఆ పిల్లల తల్లిదండ్రులు కొందరు